పిడుగు వస్తే పెరిగే కరెంట్

"మీరు గదిలోకి వస్తే కరెంట్ పెరుగుతోందండీ."

ఒక అబ్బాయి ఒక అమ్మాయితో ఈ మాట అంటే దానికి లోకంలో ఉన్నది ఒకే అర్థం. పిడుగు కూడా అదే అర్థం తీసుకుంది. తడి హెల్మెట్‌ని బల్ల మీద టక్కున పెట్టి, ఇలాంటి డైలాగులు కాలేజీలోనే విని విని విసుగొచ్చిందనీ, ఇంకొకటి వినపడితే నేరుగా పెద్ద మేడం దగ్గరికే వెళ్తాననీ కడిగిపారేసింది.

అతను తొణకలేదు, బెణకలేదు. అసలు తను చేసిన తప్పేమిటో అతనికి అర్థమైనట్టే లేదు. కంప్యూటర్ స్క్రీన్‌ని ఆమె వైపు తిప్పి ఒక గీత చూపించాడు. పొద్దున్నుంచీ బుద్ధిగా నేలబారున పోతున్న గీత, ఆమె తలుపు తోసుకుని వచ్చిన కాసేపటికి మెల్లగా తలెత్తి పైపైకి పోయింది. నిన్నటి గీత కూడా అంతే. మొన్నటిదీ అంతే.

"అంటే మీరు నిజంగా కరెంట్ గురించే అన్నారా?"

"మరి మీరు దేని గురించి అనుకున్నారు?"

పిడుగు కిటికీలోంచి వానని చూడటం మొదలుపెట్టింది. చెవులు మాత్రం వేడెక్కాయి.

పిడుగు అనేది అసలు పేరేం కాదు. ఇంట్లో నాన్న పిలిచే పేరు. ఒకసారి ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి "మా పిడుగు ఉందా అమ్మా" అని అడిగిన పాపానికి, సాయంత్రానికల్లా ఆ పేరు మూడంతస్తులూ ఎక్కేసింది. టెస్ట్ రూమ్‌లో కొలతలు తీసే అతన్నేమో అందరూ నిదానం అంటారు. రోజుకొక్కసారైనా "నిదానమే ప్రధానం" అనకపోతే అతనికి అన్నం సయించదు. టీ తాగుతావా అని అడిగితే, ఆ టీ చల్లారేలోపు జవాబిస్తాడని వెనక జోకులేసుకునేవాళ్ళు. కానీ అతను కొలిచి చెప్పిన అంకెని కాదన్న మనిషి మాత్రం ఆ భవనంలో లేడు.

వాళ్ళ ల్యాబ్‌లో తయారయ్యేవి రేడియేషన్ డిటెక్టర్లు. గోరంత సిలికాన్ ముక్క మీద రేడియేషన్ పడితే అందులో చిటికెడు కరెంట్ పుడుతుంది. ఆ కరెంట్‌తో హాస్పిటల్ కెమెరా ఒంట్లోని బొమ్మ గీస్తుంది. వాటికున్న జబ్బల్లా ఒక్కటే. ఏ రేడియేషనూ తగలకపోయినా, ముక్క అంచుల వెంబడి దొంగచాటుగా కాస్త కరెంట్ కారిపోతూ ఉంటుంది. దాన్నే లీకేజీ అంటారు. అది ఎక్కువైతే ఆ గోలలో అసలు సిగ్నల్ వినపడదు. అప్పుడు బొమ్మ సరిగ్గా రావాలంటే మనిషికి ఎక్కువ రేడియేషన్ ఇవ్వాలి. ఇప్పుడు తయారవుతున్న కెమెరా చిన్నపిల్లల వార్డు కోసం. అందుకే లీకేజీ మాటెత్తితే ల్యాబ్‌ని నడిపే పెద్ద మేడం ఎవర్నీ లెక్కచెయ్యరు.

పాత డిజైన్‌లో ముక్క అంచు చుట్టూ ఒకే ఒక్క లావుపాటి రింగు ఉండేది, కారిపోయే కరెంట్‌ని పట్టుకుని పక్కకి పంపేయడానికి. పిడుగు ఆ ఒక్క రింగు తీసేసి, సన్నటి రింగులు వరసగా ఒకదాని పక్కన ఒకటి పెట్టింది. కంప్యూటర్ లెక్క ప్రకారం లీకేజీ పదోవంతుకి పడిపోవాలి. ఇది ఆమె సొంతంగా గీసిన మొదటి డిజైన్. వచ్చేవారం మీటింగ్‌లో మేడం సరే అంటే అది ఫ్యాక్టరీకి వెళ్తుంది. కాదంటే పాతదే వెళ్తుంది. ఏడాదికి ఫ్యాక్టరీ వాళ్ళిచ్చేది ఒకే అవకాశం కాబట్టి, పిడుగు మళ్ళీ పక్కవాళ్ళ డిజైన్లలో గీతలు దిద్దుకుంటూ కూర్చోవాలి.

అందుకే ఆమె ప్రాణం ఇక్కడ, ఆ డిజైన్‌తో ల్యాబ్‌లో మచ్చుకి చేసిన ముక్కలున్న టెస్ట్ రూమ్ చీకటి పెట్టెలో ఉంది. వెలుతురు పడినా డిటెక్టర్‌లో కరెంట్ పుడుతుంది కాబట్టి ముక్కల్ని ఆ పెట్టెలో మూసిపెట్టి కొలుస్తారు. బిడ్డని మొదటిరోజు స్కూల్లో దింపిన తల్లిలాగా ఆమె రోజూ ఒకపూట వచ్చి, తలుపు పక్కన కొక్కేనికి రెయిన్‌కోటు తగిలించి, పెట్టె పక్కనే కూర్చునేది.

"నేను వచ్చినప్పుడే ఎందుకు పెరుగుతుంది? నాకేమన్నా షాక్ కొడుతుందా?"

నిదానం చాలాసేపు ఆలోచించాడు. "కనుక్కోవాలి," అన్నాడు.

కనుక్కోవడం మొదలైంది. ముందు అనుమానం ఫోన్ మీద పడింది. మర్నాడు ఫోన్ ఇంట్లో వదిలేసి రమ్మన్నాడు. వదిలేసి వచ్చింది, వానలో స్కూటర్ మీద తడుస్తూ. గీత లేచింది. ఆ తర్వాత సెంటు మానేయమన్నాడు. మానేసింది. గీత మళ్ళీ లేచింది. తర్వాత బూట్లన్నాడు. ఉత్తకాళ్ళతో కుర్చీలో కూర్చుని, చల్లటి నేలకి కాళ్ళు తగలకుండా పైకి లాక్కుని, ఇక మిగిలింది గుండు చేయించుకోవడమేనని సణిగింది. అతను దాన్ని కూడా ఆలోచిస్తున్నట్టు మొహం పెట్టాడు. ఆ మొహం చూసి పిడుగుకి నవ్వాగలేదు.

ఒకరోజు ఎండ కాసింది. ఆ రోజు అతను మాటల టెస్ట్ పెట్టాడు. ఆమె మాటలకి పుట్టే అదురు వల్ల పెరుగుతోందేమో చూడాలట. అరగంట ఆపకుండా మాట్లాడమన్నాడు. అదేం పెద్ద పనా, పిడుగుకి? నాన్న ప్లంబరనీ, కూతురు ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే "లీకేజీలు ఆపుతుంది, మా వృత్తే" అని ఛాతీ విరుచుకుంటాడనీ చెప్పింది. అమ్మ ఎంత మంచిదైనా పేకాటలో మాత్రం తొండి చేస్తుందని చెప్పింది. ఈ డిజైన్ పోతే ఇంట్లో వాళ్ళకి ఏ మొహంతో చెప్పాలో తెలియక, అసలు డిజైన్ ఉందనే ఇంతవరకూ చెప్పలేదని కూడా చెప్పేసింది. ఎవరికీ చెప్పని మాట అది. అతని దగ్గర ఎలా బయటికొచ్చిందో ఆమెకే తెలియలేదు.

మధ్యలో అతను కూడా నోరు విప్పాడు. అక్కా బావల దగ్గర ఉంటాడట. తను పుట్టడం కూడా డాక్టర్లు చెప్పిన గడువు దాటాకేనట. ఆ రోజు గీత ఒక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. అరగంట కాస్తా భోజనాల వేళ దాటిపోయింది. ఆ మాటల్లో వాళ్ళ మధ్య "అండీ" అనే మాట ఎప్పుడు జారిపోయిందో ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

మర్నాడు వాన మళ్ళీ పట్టుకుంది, గీత మళ్ళీ లేచింది. పిడుగుకి నిజంగా భయం వేసింది. మీటింగ్ దగ్గర పడుతోంది. మధ్యాహ్నానికి వాన వెలిస్తే, ఎప్పటిలాగే హడావిడిగా, ఆవరణకి అవతలున్న తన సీటుకి పరుగెత్తింది. ఆమె అక్కడ టిఫిన్ డబ్బా మూత తీస్తుండగా నిదానం వచ్చాడు. నడిచి కాదు, పరుగెత్తి. నిదానం పరుగెత్తడం చూసి పక్క సీట్లవాళ్ళు లేచి నిలబడ్డారు. అతని చేతిలో ఆమె రెయిన్‌కోటు ఉంది, నీళ్ళు కారుతూ.

"నువ్వెళ్ళిపోయావు," అన్నాడు రొప్పుతూ. "గీత దిగలేదు. ఇది అక్కడే ఉంది."

సంగతి ఇదీ. తలుపు పక్కన కొక్కేనికి సరిగ్గా కిందే, చీకటి పెట్టె గాలి పీల్చుకునే చిన్న ఫ్యాన్ ఉంది. కొక్కేనికి తడి కోటు వేలాడినంతసేపూ ఆ తేమంతా నేరుగా పెట్టెలోకి పోతోంది. గదిలో తేమ కొలిచే మీటరు అవతలి గోడకి ఉండటంతో, దానికేం తెలియకుండా రోజూ అంతా బాగుందనే చూపిస్తోంది. తన డిజైన్‌కి కాపలా కాయడానికి వచ్చిన పిడుగే రోజూ దాని గొంతు పిసికింది.

ఇద్దరూ టెస్ట్ రూమ్‌లోకి పరుగెత్తారు. కోటు తగిలిస్తే గీత లేస్తుంది. తీసేస్తే కాసేపటికి పడుకుంటుంది. తగిలించడం, తీయడం, చిన్నపిల్లల ఆటలాగా ఎన్నిసార్లు చేశారో. అతను గొంతెత్తి అంకెలు చదవడం ఆమె మొదటిసారి విన్నది. కోటు లేకపోతే లీకేజీ సరిగ్గా పదోవంతు. ఆమె లెక్క తప్పలేదు.

"కొక్కెం పీకేద్దాం," అంది పిడుగు. "పొడి గదిలో కొత్తగా కొలిచి, ఆ గీతలే మీటింగ్‌లో పెడదాం. అయిపోయింది."

అతను కోటుని మళ్ళీ కొక్కేనికి తగిలించి, లేస్తున్న గీతనే చూస్తూ నిలబడ్డాడు.

"కోటు ఉన్నప్పటి గీత కూడా పెట్టాలి కదా," అన్నాడు చివరికి.

"దేనికి? తప్పు కోటుది, డిజైన్‌ది కాదు."

"పాత డిజైన్ ముక్క కూడా అదే పెట్టెలో ఉంది. అదే కోటు. అది కదల్లేదు."

ఆ మాట సూటిగా తగిలింది. ఎందుకు తగిలిందో పిడుగుకి తెలుసు. రింగులు దగ్గరదగ్గరగా పట్టాలని, వాటిమీద ఉండాల్సిన రక్షణ పొరని ఆమె బాగా పలచన చేసింది. కాస్త తేమ చేరితే చాలు, రింగు నుంచి రింగుకి కరెంట్ గెంతుకుంటూ పోతుంది. తెలిసిన నిజం పక్కవాడి నోట వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఆమెకి మండింది. అవకాశం పోతే వీధిన పడేది తన డిజైన్ అనీ, కొలిచేవాడికి ఏం పోతుందనీ, నీతులు చెప్పడం ఎవరికైనా సులువేననీ చెడామడా అనేసింది.

నిదానం అన్నీ విన్నాడు. "డిజైన్ నీది. ఏం చూపించాలో నీ ఇష్టం," అన్నాడు. "నా అంతట నేను చెప్పను. మేడం అడిగితే మాత్రం అబద్ధం చెప్పలేను."

కోటు లాక్కుని వచ్చేసింది పిడుగు. మీటింగ్ దాకా టెస్ట్ రూమ్ ఛాయలకి పోలేదు. ఇంట్లో కూతురు నోరు మూసుకుని తిరుగుతుంటే అమ్మ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. నాన్న ఏమైందని అడిగితే ఏం లేదంది. అతని మీద కోపం నిలుపుకోవాలని ఎంతో ప్రయత్నించింది. పొద్దున నిలిపితే సాయంత్రానికి కరిగిపోయేది. కరిగిపోయాక మిగిలేది మాత్రం బెంగ. ఆ గదీ, ఆ కుర్చీ, టీ చల్లారేలోపు వచ్చే ఆ జవాబులూ కావాలనిపించేది. ఇంతకీ ఆ మనిషిని ప్రేమించానా ఏమిటి అనుకుని, అవునని తెలిసిపోయి, ఇంకా కోపం తెచ్చుకుంది.

మీటింగ్ రోజు రానే వచ్చింది. నిదానం పంపిన గీతల్లోంచి పిడుగు పొడి గదిలో కొలిచినవి మాత్రమే చూపించింది. తెర మీద అవి ఎంత అందంగా ఉన్నాయో. పెద్ద మేడం కళ్ళజోడు పైకి తోసి చూశారు, కిందికి దించి చూశారు. ఆవిడ మెచ్చుకోవడం అరుదు, అలాంటిది "బాగుందమ్మా, చాలా బాగుంది" అన్నారు. ఇంకెవరైనా ఏమైనా అంటారా అని అందరి వైపూ చూశారు. నిదానం వైపు కూడా చూశారు. అడిగినట్టే ఉంది, అలాగని ప్రత్యేకించి అతన్నే అడిగినట్టూ కాదు.

అతను తల దించుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. పిడుగు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. కొలిచిన ఏ అంకెనీ జీవితంలో దాచని మనిషి, ఆమెకిచ్చిన మాట కోసం పళ్ళు బిగించుకుని కూర్చున్నాడు. అది చూడటం పిడుగు వల్ల కాలేదు.

"మేడం, ఒక్క నిమిషం. ఇంకో గీత ఉంది."

చూపించింది. తడి కోటు గురించి చెప్పింది, రోజూ ఆ కోటు తగిలించింది తనే అని చెప్పింది. గదిలో నవ్వులు పుట్టాయి. తర్వాత పక్కనే పాత డిజైన్ గీత పెట్టింది. నవ్వులు ఆగిపోయాయి. పొర పలచన చేసింది తనేననీ, ఇలాగే ఫ్యాక్టరీకి పంపితే హాస్పిటల్‌లో వానాకాలం నిలబడదనీ చెప్పింది. చెప్పడం అయిపోయాక కూర్చుంది.

పెద్ద మేడం చాలాసేపు రెండు గీతలూ చూశారు.

"వాన తగ్గాక రండమ్మా అని జబ్బుపిల్లల తల్లులకి చెప్పలేం కదా," అన్నారు. ఆ తర్వాత లెక్కలు వేశారు. ముక్కలు కోసే సిలికాన్ పళ్ళెం, అదే వేఫర్, ఒకటే అయినా దాని మీద ముక్కలు బోలెడు పడతాయి. సగం పాత డిజైన్‌కి, సగం పిడుగు డిజైన్‌కి ఇచ్చారు. పొర మందం చేసి, దానికి తగ్గట్టు రింగులు సర్ది, ఫ్యాక్టరీ గడువులోపు మళ్ళీ గీసివ్వాలి. వచ్చిన ముక్కల్ని పెట్టెలో పెట్టి, పక్కన తడి కోటు వేలాడదీసి మరీ కొలవాలి. గదిలోంచి వెళ్తూ వెళ్తూ ఆవిడ పిడుగు భుజం మీద చెయ్యి వేశారు.

అందరూ వెళ్ళాక వరండాలో నిదానం నిలబడి ఉన్నాడు. బయట వాన దంచుతోంది.

"మేడం చూసినప్పుడు నువ్వెందుకు చెప్పలేదు?" అడిగింది పిడుగు.

"నువ్వు చెప్తావని తెలుసు."

"నిజంగా తెలుసా?"

అతను ఆలోచించాడు. "తెలీదు. చెప్పాలని కోరుకున్నాను."

పిడుగు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టినందుకు క్షమించమంది. అతను అదేం పట్టించుకోలేదు. ఇంకేదో చెప్పాలని తంటాలు పడుతున్నాడు. ఒకసారి వాన వైపు, ఒకసారి గోడ వైపు చూశాడు.

"నేనూ ఒకటి దాచాను," అన్నాడు. "మాటల వల్ల ఆ కరెంట్ పెరగదు. అది నాకు ముందే తెలుసు. సెంటు వల్ల కూడా పెరగదు. బూట్ల మీద మాత్రం నిజంగానే అనుమానం ఉండేది."

"మరి ఆ టెస్టులన్నీ?"

"నువ్వు గదిలో కూర్చోవాలని పెట్టాను."

పిడుగుకి ఒక్క క్షణం నోట మాట రాలేదు. అది ఆ భవనంలో ఎవరూ ఎన్నడూ చూడని వింత. కొలతలంటే ప్రాణం పెట్టే మనిషి తనకోసం దొంగ టెస్టులు పెట్టాడు. ఆమె నవ్వడం మొదలుపెట్టి, ఆపలేక స్తంభం పట్టుకుంది.

"అరగంట ఆపకుండా వాగించావు కదరా నన్ను," అంది నవ్వుల మధ్య. "సరే, మీ అక్కాబావలని ఎప్పుడు తీసుకొస్తున్నావు మా ఇంటికి?"

ఈసారి జవాబుకి ఆలోచన పట్టలేదు. "ఆదివారం," అన్నాడు.

అన్నాడు కానీ, ఆదివారం ఎక్కడ కుదురుతుంది? డిజైన్ తిరగగీయడంలో పిడుగుకి తిండీ నిద్రా లేవు. అతను పక్కన కూర్చుని, ఏ పొరకి ఎంత తేమ చేరితే ఏమవుతుందో కొలిచి చెప్తూనే ఉన్నాడు. గడువు రోజే ఫైలు ఫ్యాక్టరీకి వెళ్ళింది. ముక్కలు తిరిగొచ్చిన రోజు వాన లేకపోతే, పెద్ద మేడమే పిడుగు కోటుని కుళాయి కింద ముంచి తెచ్చి పెట్టె పక్కన పట్టుకుని నిలబడ్డారు. గీత నేలకి అతుక్కుపోయి కదలనంది. లీకేజీ పదోవంతు కాలేదు, ఏడోవంతయింది. మందపాటి పొరకి అంతే మరి. మేడం మాత్రం పిల్లల వార్డు కెమెరాకి ఇదే డిజైన్ అని అక్కడికక్కడే తేల్చేశారు. పిడుగు ఆ సాయంత్రమే ఇంట్లో అంతా చెప్పింది, డిజైన్ గురించీ, అతని గురించీ.

ఆ తర్వాతి ఆదివారం నిదానం అక్కనీ బావనీ వెంటబెట్టుకుని వచ్చాడు. అక్క వస్తూనే అమ్మతో కలిసిపోయింది. బావగారు నాన్నతో మోటార్ల గురించి మాట్లాడారు. కాసేపటికి నాన్న గొంతు సవరించుకుని అసలు విషయానికొచ్చారు.

"బాబూ, మా అమ్మాయిలో నీకేం నచ్చింది?"

గదిలో అందరూ ఆగి అతని వైపు చూశారు. నిదానం తన పద్ధతిలో ఆలోచించాడు. అక్క మోచేత్తో పొడిచింది.

"తప్పు తనదైతే ముందు తనే ఒప్పుకుంటుందండీ," అన్నాడు. "అది ఎంత కష్టమో నేను దగ్గరుండి చూశాను."

నాన్న అతన్ని ఎగాదిగా చూశారు. తర్వాత భార్య వైపు చూశారు. ఇద్దరూ పగలబడి నవ్వారు.

"ఎవరు, మా పిడుగా? పుట్టినప్పట్నుంచీ పెంచాను బాబూ. ఈ ఇంట్లో అది తప్పు ఒప్పుకున్న రోజు నాకు గుర్తు లేదు."

పిడుగు టీ కప్పుల పళ్ళెం బల్ల మీద పెట్టింది. ఉడుక్కుంటుందనుకున్నారు అందరూ. ఆమె మాత్రం నాన్న కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"నాన్నా, నా చిన్నప్పుడు వంటింట్లో కొత్త కుళాయి బిగించావు, గుర్తుందా? మెరిసేది. అది వారానికే విరిగింది."

"గుర్తులేకేం? నేను ఏరికోరి తెచ్చింది. మీ బాబాయి విరిచాడు. వెధవ, ఇప్పటికీ ఒప్పుకోడు."

"బాబాయి కాదు. నేను. దాన్ని పట్టుకుని వేలాడాను."

నాన్న కుర్చీలో ముందుకి జరిగారు. పాపం ఆ తమ్ముడు ఎప్పుడు ఇంటికొచ్చినా, వంటింట్లోకి వెళ్ళబోతే చాలు, "నువ్వు కుళాయి జోలికి పోకురా" అని దెప్పకుండా ఒక్కసారీ వదిలిపెట్టలేదు ఆయన. ఆయన కూతురి వైపు చూశారు, పక్కన బిక్కమొహం వేసుకుని కూర్చున్న అబ్బాయి వైపు చూశారు. ఈ పిల్ల చేత ఇంతకాలానికి ఈ మాట చెప్పించింది ఎవరో ఆయనకి అర్థమైంది. కూతురి తల మీద చెయ్యి వేసి నిమిరారు.

"ఆ ఫోన్ ఇటివ్వు అల్లుడూ," అన్నారు. "మా తమ్ముడికి ముందు క్షమాపణ చెప్పాలి. తర్వాత పెళ్ళికి పిలవాలి."